ఉద్దానంలో తగ్గని వేవిళ్ళు: గర్భిణి ఆరోగ్యం, కిడ్నీ రక్షణ

నెల తప్పిన కొద్ది వారాలకే మొదలయ్యే వికారం, డోకులు, వాంతులను వేవిళ్ళు అంటారు. నూటికి 70 నుంచి 80 మంది గర్భిణులకు ఇవి ఏదో ఒక స్థాయిలో తప్పవు. ఎక్కువమందికి 4–7 వారాల మధ్య మొదలై, 9వ వారం ప్రాంతంలో ఉద్ధృతమై, 16–20 వారాల లోపు సర్దుకుంటాయి. పదిమందిలో సుమారు ఒకరికి ఆ తర్వాత కూడా సాగుతాయి. కొందరిలో వాంతులు తిండినీ నీటినీ కడుపులో నిలవనీయవు. ఆ స్థితిని వైద్యులు హైపరెమెసిస్ గ్రావిడేరమ్ అంటారు. తెలుగులో అతివాంతి అనవచ్చు. వివిధ దేశాల లెక్కల్లో ఇది నూటికి 0.3 నుంచి 3.6 గర్భాల వరకు కనిపిస్తుంది. గర్భానికి ముందున్న బరువులో 5 శాతానికి మించి తగ్గడం దీని ముఖ్యమైన గుర్తు. 45 కిలోల స్త్రీకి రెండుంబావు కిలోలకు మించి తగ్గితే ఆ హద్దు దాటినట్టే. శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఈ సమస్యకు ఇంకో ముఖం ఉంది. కిడ్నీ జబ్బు ఇంతగా పాతుకుపోయిన ప్రాంతంలో తగ్గని వేవిళ్ళను ఓర్చుకోవలసిన బాధగా మాత్రమే చూడకూడదు. ఆ వాంతులు కిడ్నీలకు హాని చేయగలవు, కిడ్నీల హానిని కప్పిపెట్టనూ గలవు. అందుకే ఇక్కడ అతివాంతికి మందుతో పాటు కిడ్నీ పరీక్ష కూడా తొలి నెలల్లోనే జరగాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ప్రాంతం, నేపథ్యం

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల తీరప్రాంతానికి ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడి, పనస తోటలు ఇక్కడి సంపద. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పు పరిశ్రమకు పేరుపడింది. పిక్కలు కొట్టడం, పప్పు తొక్క తీయడం, రకాలుగా వేరుచేయడం వంటి పనుల్లో అధికభాగం స్త్రీలదే. దక్షిణాన టెక్కలి ఈ ప్రాంతానికి ద్వారం వంటిది. జిల్లా ఆసుపత్రి అక్కడే ఉంది. ఉద్దానంలో అంతుచిక్కని కిడ్నీ జబ్బు రెండు దశాబ్దాలకు పైగా వైద్యుల దృష్టిలో ఉంది. నెఫ్రాలజిస్టు టి. రవిరాజు బృందం రెండు వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2019లో ప్రచురించిన సర్వేలో 18 శాతానికి పైగా మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. వారిలో నాలుగింట మూడొంతుల మందికి కాస్త అటూఇటుగా షుగరు గానీ, చిరకాలపు బీపీ గానీ, మూత్రంలో చెప్పుకోదగ్గ ప్రోటీను గానీ లేవు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్, నికరాగువా తీరాల్లో ఇలాంటి జబ్బే ఉంది. వేడిలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, తాగునీటిలోని పదార్థాలు, నొప్పి మాత్రల వాడకం, పురుగుమందులు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. మధ్య అమెరికాలో బాధితులు అత్యధికంగా మగవారు. ఉద్దానంలో ఆడవారిలోనూ జబ్బు గణనీయంగా ఉంది. గర్భిణుల విషయంలో ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వపరంగా కొంత కదలిక వచ్చింది. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఊళ్ళకు అందించే తాగునీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. సోంపేట, పలాస, టెక్కలిలో డయాలసిస్ అందుతోంది. ఈ ఏర్పాట్లు ప్రధానంగా జబ్బు ముదిరినవారి కోసం, లేదా ఊరంతటి నీటి కోసం. గర్భిణి మాత్రం వేరే దారిలో, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మీదుగా నడుస్తుంది. ఈ రెండు దారులూ కలవవలసిన చోటు తొలి మూడు నెలల వాంతులే.

వాంతులు ఎందుకు వస్తాయి

వేవిళ్ళు మనసు బలహీనత వల్ల వస్తాయని, భర్త మీద, కాపురం మీద అయిష్టం వల్ల వస్తాయని ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు కొందరు రాశారు. ఆ మాట శాస్త్రం ముందు నిలవలేదు. మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఓరాహిలీ తదితరులు 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీనికి జీవరసాయన మూలాన్ని చూపింది. మాయ, పిండం నుంచి విడుదలయ్యే జీడీఎఫ్15 అనే హార్మోను మెదడు అడుగుభాగంలోని వాంతి కేంద్రం మీద పనిచేస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఈ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీలకు, గర్భంలో అది ఒక్కసారిగా పెరిగినప్పుడు బాధ తీవ్రంగా ఉంటుంది. ముందునుంచే అది ఎక్కువగా ఉండే బీటా తలసీమియా ఉన్న స్త్రీలకు వేవిళ్ళు చాలా తక్కువ. తల్లికో అక్కచెల్లెళ్ళకో అతివాంతి ఉన్న ఇంట్లో ఇది మళ్ళీ రావడానికీ, మొదటి కాన్పులో ఉన్నవారికి రెండోసారీ రావడానికీ జన్యు సంబంధం ఉందని దీనివల్ల అర్థమవుతుంది. వాంతులు ఆగని కోడలిని సుకుమారమని నిందించడానికి వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. ఆమె ఓర్పు లేక వాంతి చేసుకోవడం లేదు, ఆమె మెదడు ఒక బలమైన రసాయన సంకేతానికి స్పందిస్తోంది. నిందకు భయపడి బాధను దాచుకున్న స్త్రీ ఆసుపత్రికి చేరేది ఆలస్యంగానే.

అయితే గర్భిణికి వచ్చే వాంతులన్నీ వేవిళ్ళు కావు. మూత్రనాళ ఇన్ఫెక్షను, కామెర్లు, మలేరియా, థైరాయిడ్ తేడాలు, అదుపులో లేని షుగరు, ముత్యాల గర్భం, కవల గర్భం కూడా వాంతులను పెంచుతాయి. వాటి సరసనే కిడ్నీ వైఫల్యం ఉంది. రక్తంలో యూరియా పేరుకున్నప్పుడు తొలుత కనిపించే లక్షణాలు వికారం, ఆకలి మందగించడం, వాంతులు, నీరసం. గర్భం తొలి నెలల లక్షణాలూ అవే. ఇతర ప్రాంతాల్లో ఇరవై ఏళ్ళ గర్భిణి వాంతుల వెనుక కిడ్నీ జబ్బు ఉండే అవకాశం బహుస్వల్పం కనుక వైద్యుడు దాన్ని జాబితా చివర పెట్టుకోవచ్చు. జబ్బు ఇంత విస్తారంగా ఉన్న ఉద్దానంలో ఆ వరుస మారాలి. 9 వారాల తర్వాత కొత్తగా మొదలైన వాంతులను వేవిళ్ళని తీసిపారేయకూడదు. ఏడో నెల దాటాక పొట్ట పైభాగంలో నొప్పి, తలనొప్పి, చూపు మసకబారడంతో వాంతులు వస్తే అది బీపీ వాతానికో (ప్రీఎక్లాంప్సియా), కాలేయం దెబ్బతినడానికో సూచన. గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

కిడ్నీతో ముడి

గర్భం వచ్చిన కొన్ని వారాలకే కిడ్నీలు వడపోసే రక్తం దాదాపు సగానికి సగం పెరుగుతుంది. తల్లికీ బిడ్డకూ కావలసిన ఈ అదనపు పనికి ఒంట్లో నీరు సరిపడా ఉండాలి. సరిగ్గా అప్పుడే అతివాంతి నీటినీ ఉప్పునూ పొటాషియాన్నీ బయటికి తోసేస్తుంది. కిడ్నీలు ఆరోగ్యంగా ఉంటే సెలైనుతో కోలుకుంటాయి. ముందే సగం శక్తి కోల్పోయి పైకి ఏమీ కనిపించని కిడ్నీలకు ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం. ఉద్దానం ఎండాకాలపు ఉక్కపోత, తోటపని, పిక్కల కార్ఖానాల వేడి, వేయించిన జీడితొక్క ఘాటు ఈ స్థితికి తోడవుతాయి. వాసనలు వికారాన్ని రెచ్చగొడతాయి, వేడి చెమట పట్టిస్తుంది. పనిచోట మరుగుదొడ్డి అందుబాటులో లేని స్త్రీ నీళ్ళు తాగడమే తగ్గించుకుంటుంది. ఈ మూడూ కలిసిన రోజున ఒంట్లో నీటి కొరత ఎంతో ఎవరూ కొలవరు. గర్భిణికి తొలి నెలల్లో వేడికీ ఘాటుకూ దూరంగా కూర్చుని చేసే పని, గంట గంటకూ నీళ్ళు తాగే వీలు ఇవ్వడం యజమాని చూపే దయగా కాక పని నిబంధనగా ఉండాలి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం ప్రాణాల మీదకు తెస్తుంది. గర్భిణికి ప్రతి తనిఖీలో పట్టీతో మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను చూస్తారు. అది లేకపోతే కిడ్నీలు బాగున్నాయని ఇంటివారు నిశ్చింతపడతారు. ఉద్దానం జబ్బు వడపోత గుత్తుల కన్నా వాటి చుట్టూ ఉండే సన్నని నాళాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది కనుక మూత్రంలో ప్రోటీను చాలాకాలం పడదు. పైన చెప్పిన సర్వే చూపిందీ అదే. కాబట్టి మూత్రపు పట్టీ ఒక్కటే ఇక్కడ చాలదు, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం ఎంత ఉందో చూడాలి. ఆ అంకెను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. వడపోత పెరగడం వల్ల గర్భిణిలో క్రియాటినిన్ మామూలుగా 0.4–0.8 (మి.గ్రా./డె.లీ.) మధ్యకు దిగుతుంది. ల్యాబు కాగితం మీద 1.0 కూడా సాధారణమనే అచ్చవుతుంది, ఎందుకంటే ఆ హద్దులు గర్భిణుల కోసం వేసినవి కావు. 0.9 దగ్గరకు వచ్చినా గర్భిణి విషయంలో అనుమానించవలసిందే. వాంతులతో నీరు తగ్గినా ఆ అంకె పెరుగుతుంది. కనుక సెలైనుతో నీరు సర్దాక మళ్ళీ చూడాలి. దిగితే నీటి కొరత, దిగకపోతే పాత జబ్బును అనుమానించాలి. ఈ రెండు పరీక్షల మధ్య తేడాయే రోగనిర్ణయానికి దారి.

ముందుగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. ఇటలీలో టొరినో, కాల్యరి నగరాల వైద్యులు కలిసి చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం, కిడ్నీ జబ్బు తొలి దశలో ఉన్న గర్భిణుల్లో కూడా నెలలు నిండని కాన్పులు, ఇతర చిక్కులు ఎక్కువని చూపింది. ఇలాంటి గర్భిణులకు 12–16 వారాల మధ్య తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే బీపీ వాతం ముప్పు తగ్గుతుంది. ఆ వారాలు వేవిళ్ళ కాలంలోనే పడతాయి. అప్పుడు గుర్తించనిది ఏడో నెలలో గుర్తిస్తే ఆ మందుకు సమయం దాటిపోతుంది. నొప్పి మాత్రలు మానడం, బీపీని వారం వారం చూడడం, బిడ్డ ఎదుగుదలకు స్కానింగులు, కాన్పు ఎక్కడ చేయాలన్న నిర్ణయం కూడా అప్పుడే మొదలవ్వాలి.

ఇంట్లో సంరక్షణ, దాని హద్దులు

తేలికపాటి, మధ్యస్థ వేవిళ్ళకు ఇంటి పద్ధతులే మొదటి వైద్యం. కొద్దికొద్దిగా రెండేసి గంటలకు తినడం, పొద్దున్న లేవకముందే పొడి పదార్థం ఏదైనా నమలడం, వేడి వంటల కన్నా చల్లారినవి తినడం, తిండినీ నీళ్ళనూ అరగంట ఎడంగా తీసుకోవడం ఉపకరిస్తాయి. చల్లారిన గంజి, పలుచని చోడి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. అల్లం తేలికపాటి వికారాన్ని తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు నీటిలో కలిపి గుక్కలు గుక్కలుగా తాగవచ్చు. ఐరన్ మాత్ర వికారాన్ని పెంచుతుంది. మన దేశపు కార్యక్రమం తొలి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇచ్చి, నాలుగో నెల నుంచి ఐరన్ మొదలుపెట్టమనడం వాంతులున్నవారికి అనుకూలమే. కొబ్బరి తోటల నాడులో వాంతి అయిన ప్రతి గర్భిణికీ బొండాం కొట్టి ఇవ్వడం సహజం. వాంతులతో పోయిన పొటాషియాన్ని కొబ్బరినీళ్ళు తిరిగి ఇస్తాయి. కిడ్నీలు బలహీనపడినవారిలో అదే పొటాషియం పేరుకుపోయి గుండె లయను చెడగొట్టగలదు. కాబట్టి రోజుకు నాలుగైదు బొండాలు తాగించేముందు క్రియాటినిన్, పొటాషియం అంకెలు తెలుసుకోవడం ఉద్దానంలో అవసరం.

ఇంటి వైద్యానికి హద్దు ఎక్కడో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. 24 గంటలు నీళ్ళు కూడా నిలవకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం లేదా ముదురు రంగులో కొద్దిగా రావడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, వాంతిలో రక్తం, జ్వరం, కళ్ళు పచ్చబడడం, వారంలో కిలోకు మించి బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే గర్భం తెలిసిన వెంటనే బరువు చూసి మాతాశిశు రక్షణ కార్డులో రాయించుకోవాలి. తొలి బరువు రాసి లేకపోతే 5 శాతం తగ్గిందో లేదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

సెలైను, గ్లూకోజు, బి1

ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు సీసా పెట్టించుకోవడం వాంతులకు సర్వసాధారణమైన చికిత్స. ఇందులో ఒక అపాయం ఉంది. బి1 విటమిన్, అంటే థయమిన్, ఒంట్లో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. వారాల తరబడి తిండి నిలవని గర్భిణిలో ఆ నిల్వ ఖాళీ అవుతుంది. ఆ స్థితిలో గ్లూకోజు ఎక్కిస్తే దాన్ని ఖర్చు చేయడానికి ఉన్న కాస్త బి1 కూడా కరిగిపోయి మెదడు దెబ్బతినవచ్చు. దీన్ని వెర్నికీ వ్యాధి అంటారు. మతిభ్రమ, కళ్ళు అదరడం లేదా వస్తువు రెండుగా కనిపించడం, నడక తూలడం దీని గుర్తులు. ఈ తీరానికి బి1 లోపం కొత్త కాదు. ఆ లోపంతో వచ్చే బెరిబెరి మీద, ఉత్తర సర్కారులనే ఈ కోస్తా నేపథ్యంగా జె.జి. మాల్కమ్‌సన్ రాసిన గ్రంథం 1835లోనే మద్రాసులో వెలువడింది. తర్వాత కూనూరు పోషకాహార పరిశోధనశాలకు నాయకత్వం వహించిన ఎయిక్రాయిడ్ కూడా మరపట్టిన పచ్చిబియ్యం తినే ఈ కోస్తాలో బెరిబెరిని గుర్తించాడు. 1936 వరకు గంజాం జిల్లాలో ఉన్న టెక్కలి, సోంపేట తాలూకాలు ఆ సర్కారుల భాగమే. ఇప్పుడు తిండి మెరుగుపడినా తెల్లని పాలిష్ బియ్యమే ప్రధానాహారం. అందువల్ల నియమం సరళంగా ఉండాలి: దీర్ఘకాలం వాంతులైన గర్భిణికి ముందు బి1, ఆ తర్వాతే గ్లూకోజు. మొదట ఎక్కించవలసింది ఉప్పు సెలైను. పొటాషియం కలపడం రక్త పరీక్ష చూశాకే.

వాంతులు తగ్గించే మందుల విషయంలో భయం అర్థం చేసుకోదగినదే. 1957–61 మధ్య థాలిడోమైడ్ వాడిన తల్లులకు వేల సంఖ్యలో వికలాంగ శిశువులు పుట్టడంతో గర్భిణికి మందే విషమన్న భావన ప్రపంచమంతా పాకింది. డాక్సిలమిన్, బి6 కలిసిన మాత్ర కూడా ఆ భయానికే గురై, దావాల ఒత్తిడితో 1983లో అమెరికా బజారు నుంచి వెళ్ళిపోయింది. అది బిడ్డకు హాని చేస్తుందని అధ్యయనాల్లో తేలలేదు. 2013లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ మళ్ళీ అనుమతించింది. మన దేశంలో డాక్సినేట్ వంటి పేర్లతో ఇది దొరుకుతుంది. దీనితో తగ్గకపోతే మెటోక్లోప్రమైడ్, ప్రోమెథజైన్, ఆపై ఆండాన్‌సెట్రాన్ వంటివి వైద్యుని సలహాతో వాడతారు. తొలి నెలల్లో ఆండాన్‌సెట్రాన్ వాడితే పదివేల జననాల్లో సుమారు మూడు పెదవి లేదా అంగిలి చీలికలు అదనంగా రావచ్చని పెద్ద అధ్యయనం చూపింది. ఆ స్వల్పమైన ముప్పును, ఆగని వాంతులతో తల్లికి వచ్చే ముప్పుతో పోల్చి నిర్ణయించాలి. వైద్యం అందని అతివాంతి బిడ్డను రక్షించదు, తక్కువ బరువుతో పుట్టే అవకాశాన్ని పెంచుతుంది.

అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనపై మొదటి అభ్యంతరం, వేవిళ్ళు సహజమని, గర్భం నిలిచిందనడానికి అవి మంచి గుర్తు కూడా అని. ఇందులో నిజముంది. 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం వికారం ఉన్నవారిలో గర్భస్రావం తక్కువని చూపింది. కానీ గర్భం నిలవడం వేరు, తల్లి నీరసించి కిడ్నీలు దెబ్బతినకుండా ఉండడం వేరు. మొదటిది బాగున్నంత మాత్రాన రెండోదాన్ని చూడకుండా వదిలేయడానికి వీల్లేదు. రెండో అభ్యంతరం, ఉద్దానం జబ్బు నడివయసు వారిది కదా, ఇరవయ్యేళ్ళ అమ్మాయికి పరీక్ష ఎందుకని. క్రియాటినిన్ అంకె స్పష్టంగా పెరిగేసరికి కిడ్నీల శక్తి దాదాపు సగం పోయి ఉంటుంది. నడివయసులో బయటపడే జబ్బు అంతకు చాలా ఏళ్ళ ముందే మొదలై ఉండాలి. ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్న యువతి తనంతట తాను రక్తపరీక్షకు వచ్చే సందర్భం దాదాపు గర్భం ఒక్కటే.

మూడో అభ్యంతరం బరువైనది. పరీక్షలో తేడా కనిపిస్తే అమ్మాయి మీద ముద్ర పడుతుందని, కాపురానికి చిక్కు వస్తుందని, ఉద్దానం పిల్లంటే సంబంధాలకు వెనకాడే రోజుల్లో ఇది ఇంకో భారమవుతుందని కుటుంబాలు భయపడతాయి. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఫలితం మొదట ఆమెకే, ఏకాంతంలో చెప్పాలి. ఒక్క అంకెతో జబ్బని నిర్ధారించకుండా మళ్ళీ పరీక్షించాలి. కిడ్నీ జబ్బు తొలి దశల్లో ఉన్నవారు సరైన పర్యవేక్షణతో పండంటి బిడ్డలను కంటారని స్పష్టంగా చెప్పాలి. దాచిన జబ్బు ఎనిమిదో నెలలో బీపీ వాతంగా బయటపడితే అప్పుడు మర్యాదతో పాటు ప్రాణం కూడా పోవచ్చు. నాలుగో అభ్యంతరం, ఖర్చు, దూరం. క్రియాటినిన్ చవకైన పరీక్ష. హిమోగ్లోబిన్ కోసం రక్తం తీసేటప్పుడే దీనికీ తీయవచ్చు. ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి ఉంది. ఆ రోజే దీన్నీ చేర్చవచ్చు. తేడా ఉన్నవారిని టెక్కలి జిల్లా ఆసుపత్రి ప్రసూతి వైద్యులూ పలాస కిడ్నీ వైద్యులూ కలిసి చూసే ఏర్పాటు కావాలి. తుఫాను రోజుల కోసమూ ముందే ప్రణాళిక ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లు తెగాయి. వాంతులు ఆగని గర్భిణిని అలాంటి హెచ్చరిక వచ్చిన వెంటనే ఆసుపత్రి ఉన్న పట్టణానికి చేర్చాలి.

కాన్పు తర్వాత

పురుడు పోసుకోగానే వాంతులు పూర్తిగా మరుగునపడతాయి. కిడ్నీ విషయం అలా మరుగున పడకూడదు. నార్వేలో లక్షలాది కాన్పుల రికార్డుల ఆధారంగా 2008లో ప్రచురితమైన పరిశోధన, తొలి కాన్పులో బీపీ వాతం వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో కిడ్నీలు పూర్తిగా పాడయ్యే ముప్పు దాదాపు అయిదు రెట్లని చూపింది. అతివాంతితో ఆసుపత్రిలో చేరినవారికీ, బీపీ వాతం వచ్చినవారికీ, గర్భంలో క్రియాటినిన్ 0.9 చేరినవారికీ కాన్పయిన మూడు నెలలకు మళ్ళీ పరీక్ష జరగాలి. అత్తవారింట మొదలైన గర్భం పుట్టింట పురుడవుతుంది కనుక ఆ అంకెలు మాతాశిశు రక్షణ కార్డు మీదే ఉండాలి, ఏ ఊరికి వెళ్ళినా ఆమె వెంటే రావాలి. అతివాంతి మళ్ళీ గర్భం వచ్చినప్పుడు తిరిగి రావచ్చు. ఒకసారి పడినవారు రెండోసారి వికారం మొదలైన రోజునే మందు మొదలుపెట్టేలా ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి. వారాల తరబడి మంచం పట్టి, తిండి లేక, మాట పడి నలిగిన స్త్రీకి దిగులు పట్టుకోవడం సాధారణం. ఆ దిగులుకూ వైద్యం ఉంది, అడగడం తప్పు కాదు.

ఉద్దానం జబ్బు మూలం మీద శాస్త్రవేత్తల చర్చ సాగుతూనే ఉంటుంది. గర్భిణి రక్షణ ఆ చర్చ తేలేదాకా ఆగనక్కర్లేదు. తొలి బరువు, రెండు క్రియాటినిన్ పరీక్షలు, గ్లూకోజుకు ముందు బి1, సమయానికి ఆస్పిరిన్, కాన్పు తర్వాత మళ్ళీ పరీక్ష, వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టవలసినది కాదు. పలాస, టెక్కలి ఆసుపత్రుల మధ్య, ఆశా కార్యకర్త చేతిలోని కార్డు మీద వీటికి చోటు కల్పించడమే మిగిలిన పని. వేవిళ్ళని పక్కన పెట్టిన ప్రతి గర్భిణి విషయంలోనూ ఆ అవకాశం ఒకసారి జారిపోయినట్టే.